వెళ్ళేవాళ్ళే రావాలి

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. మర్నాడు ఆదివారం. పొద్దున్నే టీవీలో ఆ నీళ్ళు చూస్తుంటే కర్ణాటకలో సింధనూరు దగ్గర, ఆంధ్రా రైతులు కట్టుకున్న ఒక క్యాంపులో ఉండే మా బాబాయి వాళ్ళు గుర్తొచ్చారు. ఫోన్ చేద్దామంటే నా దగ్గర నంబరు లేదు. అమ్మ పుస్తకంలో ఉన్నది ఎప్పుడో తీసేసిన ల్యాండ్‌లైన్ నంబరు. మేనత్త కొడుకుని అడిగితే ఇంకొకరి నంబరిచ్చాడు, వాళ్ళు మరొకరిది ఇచ్చారు. నాలుగో ఫోనుకి పిన్ని దొరికింది. నేనెవరో చెప్పాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఎవరికి బాగోలేదమ్మా? బావగారు బాగానే ఉన్నారా?"

అందరూ బాగున్నారని, గేటు సంగతి చూసి చేశానని చెప్పాక ఊపిరి పీల్చుకుంది. "మాకేం భయం లేదమ్మా, మేం ఏటి పక్కన లేం. డ్యాంలో నీళ్ళన్నీ వదిలేస్తే కాలవకి ఏం మిగులుతాయోనని ఇక్కడ అందరికీ టెన్షన్‌గా ఉంది. నాట్లు పడిపోయాయి" అంది. అయిదు నిమిషాలు మాట్లాడి పెట్టేశాను. వారం తిరిగేసరికి గేటు చోట ఉక్కు పలకలు దించి నీళ్ళు ఆపారని వార్తల్లో చెప్పారు. అది చూసి మళ్ళీ చేయాలనుకున్నాను. చెయ్యలేదు.

పిన్ని నన్ను దెప్పడానికి అలా అడగలేదు. మా ఇంటి నుంచి ఫోన్ వచ్చిందంటే ఎవరో పోయి ఉండాలి, లేదంటే ఎక్కడో సంతకం కావాలి. పదమూడేళ్ళలో మేం వాళ్ళకి చేసిన ఫోన్లు ఆ రెండు రకాలే. ఆమె తనకు అలవాటైన ప్రశ్నే అడిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేం ఆస్ట్రేలియా వెళ్ళడం గురించి ఆలోచిస్తున్నాం. మా ఆయనకి బ్రిస్బేన్‌లో అవకాశం ఉంది. కాగితాలు పెట్టాం, ఇంకా తేలలేదు. అమ్మానాన్నలని తమ్ముడు చూసుకుంటాడు, దాని గురించి ఇంట్లో చాలాసార్లు మాట్లాడుకున్నాం. మాట్లాడుకోనిది ఈ మిగతా వాళ్ళ గురించి. బాబాయిలు, వేలు విడిచిన మేనమామలు, పెళ్ళిళ్ళలో మాత్రమే కనిపించే అక్కలు. వీళ్ళ విషయంలో అందరూ చెప్పే మాట ఒకటే. "ఈ రోజుల్లో దూరం ఏముంది, వాట్సాప్ ఉందిగా." ఏడాదిగా ఈ మాటని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. నాకు తేలింది ఇది. చుట్టరికాన్ని నిలబెట్టే బరువు ఊరు విడిచి వెళ్ళేవాళ్ళదే. ఉన్నవాళ్ళది కాదు. ఆ పని వెళ్ళాక మొదలుపెడదామంటే జరగదు, వెళ్ళకముందే మొదలుపెట్టాలి.

క్యాంపు వాళ్ళు

మా సొంతూరు దివిసీమ. మా తాతయ్య, ఆయన తమ్ముడు ఇద్దరే. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయ్యాక ఎడమ కాలవ కింద భూములు చవగ్గా వస్తున్నాయని కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి చాలామంది రైతులు వెళ్ళారు. గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి చుట్టూ ఉన్న క్యాంపుల్లో చాలావరకు వాళ్ళవే. చిన్న తాతయ్య 1958లో తన వాటా ఎకరంన్నర అమ్మి అక్కడ పన్నెండెకరాలు కొన్నారు. వెళ్ళేనాటికి అక్కడ ఇల్లు లేదు, డేరా ఉందట. ఇప్పటికీ మా ఇంట్లో వాళ్ళని "క్యాంపు వాళ్ళు" అనే అంటాం.

నాయనమ్మ చెప్పేది. ఆయన ఏటా సంక్రాంతికి వచ్చేవారు. బస్సులో బళ్ళారి, అక్కణ్ణుంచి గుంతకల్లు, గుంతకల్లులో మీటరు గేజి రైలెక్కి బెజవాడ, మళ్ళీ బస్సు. దాదాపు రెండు రోజులు. వచ్చేటప్పుడు చంకలో ఒక కంబళి ఉండేది, ఎవరో ఒకరికి. వచ్చిన రోజు భోజనం చేసి వెంటనే ఊళ్ళోకి బయల్దేరేవారు. ఇంటింటికీ వెళ్ళి పేరు పేరునా పలకరించి, ఎవరి బర్రె ఈనిందో, ఎవరి పిల్లకి సంబంధం చూస్తున్నారో తెలుసుకుని చీకటి పడ్డాక వచ్చేవారు. మా తాతయ్య మాత్రం క్యాంపుకి వెళ్ళింది మొత్తం మీద రెండుసార్లు. ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. ఊరు ఇక్కడుంది, వెళ్ళింది ఆయన, కాబట్టి వచ్చేదీ ఆయనే.

77 నవంబరు ఉప్పెనలో మా ఇల్లు పోయింది. పశువులు ఒక్కటీ మిగల్లేదు. నాన్నకి అప్పుడు పదిహేడేళ్ళు. రేడియోలో విని చిన్న తాతయ్య బియ్యం, దుప్పట్లు, విత్తనాల వడ్లు లారీలో వేసుకుని బయల్దేరారు. లారీ రాగలిగినంత దూరం వచ్చి, ఆ తర్వాత బురదలో నడుచుకుంటూ వచ్చారు. వెంట పదిహేనేళ్ళ కొడుకుని తెచ్చారు. ఆ కొడుకే ఇప్పుడు నేను చెబుతున్న బాబాయి. తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన్ని ఇక్కడే వదిలి వెళ్ళారు. బాబాయి నెలన్నర ఉండి, నాన్నతో కలిసి బావిలో ఇసుక తోడి, తాటాకు పాక వేశారు. నాన్నకి సొంత తమ్ముడు లేడు. ఆ నెలన్నర గురించి చెప్పేటప్పుడు "మా తమ్ముడు" అనే అంటారు.

అలాంటి ఇంట్లో "ఎవరికి బాగోలేదమ్మా" దాకా ఎలా వచ్చామన్నదే నా ప్రశ్న.

దూరం చేసిన పని కాదు

దూరం వల్ల కాదని నాకు గట్టిగా తెలుసు. హైదరాబాద్ నుంచి రాయచూరు మీదుగా సింధనూరు ఆరేడు గంటల ప్రయాణం. చిన్న తాతయ్య రెండు రోజులు ప్రయాణం చేసి ఏటా వచ్చారు. ఆరేడు గంటలు ప్రయాణం చేసి నేను పదమూడేళ్ళలో ఒక్కసారి వెళ్ళలేదు. ఫోన్ లేకపోవడం వల్లా కాదు. ట్రంక్ కాల్ కోసం పోస్టాఫీసులో గంటలు కాచుకున్న రోజుల్లో కబుర్లు అందాయి, జేబులో ఫోన్ పెట్టుకుని తిరిగే రోజుల్లో ఆగిపోయాయి.

చిన్న తాతయ్య 1994లో పోయారు. ఆ తర్వాత రెండు ఇళ్ళలోనూ ఒక లెక్క మొదలైంది. "మనం గృహప్రవేశానికి వెళ్ళాం, వాళ్ళు ఓణీల ఫంక్షన్‌కి రాలేదు." "శుభలేఖ పోస్టులో పంపారు, బొట్టు పెట్టి పిలవలేదు." ఈ లెక్కలో ఎవరికి వాళ్ళకి అవతలివాళ్ళే బాకీ. అంతకుముందు ఈ లెక్క లేకపోవడానికి కారణం మా పెద్దవాళ్ళు మాకంటే మంచివాళ్ళవడం కాదు. ఎవరు రావాలన్నది అప్పట్లో తేలి ఉంది. వెళ్ళినాయన వస్తాడు, ఉన్నాయన కాళ్ళకి నీళ్ళిస్తాడు. చిన్న తాతయ్య పోయేనాటికి మా వాళ్ళూ ఊళ్ళో లేరు. నాన్న ఉద్యోగం బెజవాడలో. మేనత్తలు ఒకరు ఏలూరు, ఒకరు ఖమ్మం. అందరం వెళ్ళినవాళ్ళమే, కానీ ఎవరికి వాళ్ళం ఉన్నవాళ్ళమనుకున్నాం. మనం ఇక్కడే ఉన్నాం, వాళ్ళే రావాలి అనుకున్నాం. వాళ్ళూ అదే అనుకున్నారు.

2011లో ఊళ్ళో ఇంటిస్థలం అమ్మాల్సి వచ్చింది. ఆ స్థలం పంపకాల్లో రాకుండా ఉమ్మడిగా ఉండిపోయింది. బాబాయి సంతకం కావాలి. అప్పటికి ఆరేళ్ళుగా ఫోన్ చెయ్యని నాన్న, ఫోన్ చేసి ఆ మాటే అడిగారు. బాబాయి వచ్చారు. రిజిస్ట్రారు ఆఫీసులో అడిగిన చోటల్లా సంతకం పెట్టారు. వాటా మాట ఎత్తలేదు. మధ్యాహ్నం హోటల్లో భోజనం చేశారు, రాత్రి బండికి వెళ్ళిపోయారు. ఇంటికి వచ్చి రెండు రోజులు ఉండమని మాలో ఎవరం అడగలేదు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. స్టేషన్‌కి ఆటో మాట్లాడింది నేనే. నాన్న ఆ తర్వాత క్యాంపు మాట వస్తే లేచి పక్క గదిలోకి వెళ్ళేవారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. కోపం అనుకున్నాను. ఆయనకి ఉన్నది సిగ్గు.

వాట్సాప్ గ్రూపు గురించి

మా చుట్టాలకీ ఒక గ్రూపు ఉంది, అరవైమందికి పైగా ఉన్నారు. అది చెడ్డదని నేననను. అమెరికాలో పుట్టిన పిల్ల మొదటి అడుగు వేస్తే కోడూరులో ఉన్న ముసలావిడ చూడగలగడం చిన్న విషయం కాదు. కానీ గ్రూపులో పెట్టింది అందరికీ పెట్టినట్టే గానీ ఎవరికీ పెట్టినట్టు కాదు. రెండేళ్ళ క్రితం ఖమ్మం మేనత్త పోయినప్పుడు గ్రూపులో వరసగా "ఓం శాంతి" అని పెట్టాం. నేనూ పెట్టాను. పెట్టాక నా పని అయిపోయినట్టు అనిపించింది. అయిదో రోజున గుర్తొచ్చింది, అత్త కూతురికి నేను ఫోన్ చెయ్యలేదని. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నా జడ వేసిన వదిన ఆమె. చేస్తే, "నువ్వు మూడోదానివి" అంది. అంతమందిలో ఫోన్ చేసినవాళ్ళం ముగ్గురం.

చుట్టరికం ఉందా లేదా అని చెప్పడానికి మన భాషలో ఉన్న మాట "రాకపోకలు". "వాళ్ళకీ మాకూ రాకపోకలు లేవు" అంటాం. మాటలున్నాయా లేవా అన్నది వేరే సంగతి. మాటలు లేకపోవడమంటే తగువు. రాకపోకలు లేకపోవడానికి తగువు అక్కర్లేదు, ఎవరూ కదలకపోతే చాలు. మా విషయంలో జరిగింది ఇదే. వాట్సాప్ మాటల్ని కాపాడింది.

అయినా ఇక్కడ నాకు ఒక అనుమానం ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో వంట చేసే ఆవిడది కోనసీమ. వాళ్ళ అక్క కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉంది. మూడేళ్ళుగా రాలేదు. రావాలంటే యజమాని సెలవివ్వాలి, టికెట్ డబ్బులు కావాలి. శుక్రవారం శుక్రవారం ఐఎంఓ అనే యాప్‌లో వీడియో ఫోన్ చేస్తుంది. మా వంటావిడ కూరలు తరుగుతూ ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి పెడుతుంది. ఆ అక్కకి ఊళ్ళో ఎవరి గోడ కూలిందో తెలుసు, మేనల్లుడు లెక్కల్లో ఎన్ని మార్కులు తెచ్చుకున్నాడో తెలుసు, పక్కింటి వాళ్ళకి పాలు పోసేవాడు మారాడని కూడా తెలుసు. ఆవిడ రాలేదని ఏ నోటితో అనగలం? కాబట్టి "రావాలి" అని నేను పెట్టుకున్న మాటని కొంచెం సడలించుకున్నాను. రాగలిగినవాళ్ళు రావాలి. రాలేనివాళ్ళు ఆ అక్కలాగా పనేమీ లేకుండా ఫోన్ చేయాలి. పనిమీద చేసే ఫోను వంద చేసినా పిన్ని ప్రశ్న మారదు.

ఆడవాళ్ళ నెత్తిన పడే పని

ఇంతకంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న మరొకటి ఉంది. వెళ్ళేవాళ్ళదే బరువు అని నేను అంటున్నది నిజానికి మన ఇళ్ళలో ఆడపిల్లలకి ఎప్పటి నుంచో చెబుతున్న మాటే. పుట్టిల్లు వదిలి వెళ్ళేది ఆమె. అటు పుట్టింటి వాళ్ళనీ, ఇటు అత్తింటి వాళ్ళనీ పట్టుకుని ఉండాల్సిందీ ఆమె. మా ఇంట్లో నాన్న తరఫు చుట్టాలందరికీ ఇన్‌లాండ్ లెటర్లు రాసింది అమ్మే. నీలం కాగితం మూడు మడతల్లోనూ రాసి, చివర అంగుళం ఖాళీ ఉంచి నాన్న ముందు పెట్టేది. నాన్న "అందరినీ అడిగానని చెప్పగలరు" అని రాసి సంతకం చేసేవారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులొచ్చి, ఓపిక తగ్గి, ఉత్తరాలు ఆగిపోయాక నాన్న తరఫు చుట్టరికాలు ఒక్కొక్కటిగా సన్నబడ్డాయి. అంటే ఇన్నేళ్ళూ వాటిని మోసింది పరాయింటి నుంచి వచ్చిన అమ్మే. నేను ఇప్పుడు "వెళ్ళేవాళ్ళు మొయ్యాలి" అంటే, రేపు బ్రిస్బేన్‌లో ఆ పని ఎవరి మీద పడుతుందో నాకు తెలుసు.

ఇది ఊరికే అనడం లేదు. కాగితాలు పెట్టిన కొత్తల్లో మా ఆయన అన్నారు, "నెల్లూరు పిన్నికి నువ్వోసారి ఫోన్ చేసి చెప్పు, వెళ్ళే ఆలోచనలో ఉన్నామని." ఆవిడ ఆయన పిన్ని. తల్లి ఉద్యోగం చేస్తుంటే చిన్నప్పుడు మూడేళ్ళు పెంచింది. నేను చెయ్యనన్నాను. చిన్న గొడవైంది కూడా. చివరికి ఆయనే చేశారు. మొదటిసారి రెండు నిమిషాల్లో మాటలు అయిపోయాయి. ఏం మాట్లాడాలో తెలియక బాల్కనీలో అటూ ఇటూ నడిచారు. ఇప్పుడు పదిహేను రోజులకోసారి చేస్తున్నారు. ఆవిడ మోకాలి ఆపరేషన్ సంగతి ఈ మధ్య ఆయన చెబితేనే నాకు తెలిసింది. కాబట్టి నా మాటకి ఇంకో మాట చేర్చుకోక తప్పలేదు. ఎవరి చుట్టాలని వాళ్ళే పట్టుకోవాలి. మగవాడైనా సరే.

వదిలెయ్యాల్సిన వాళ్ళూ ఉంటారు. పేరు చెప్పను గానీ, మా ఇంట్లో ఒక ఆడపిల్ల బతుకు పాడు చేసిన మనిషిని పెద్దవాడన్న ఒకే కారణంతో అందరూ పలకరిస్తూ వచ్చారు. ఆయనకి నేను ఫోన్ చెయ్యను. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

జనవరిలో వెళ్ళాం

2025 సంక్రాంతి వెళ్ళాక, నాన్నని ఒప్పించి క్యాంపుకి తీసుకెళ్ళాను. ఒప్పించడం తేలిక కాలేదు. "ఇన్నేళ్ళు వెళ్ళకుండా ఇప్పుడు దేశం వదిలి పోతున్నామని చెప్పడానికి వెళ్తామా?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర సరైన జవాబు లేదు. నిజమే, వెళ్ళిపోయే ముందు అందరినీ చుట్టి రావడంలో ఒక స్వార్థం ఉంది. మన మనసు తేలిక చేసుకుని, వాళ్ళకి మన గురించి బెంగ పెట్టి రావడం అవుతుంది. అయినా వెళ్ళకపోతే అంతకంటే తప్పవుతుందనిపించింది. నేను గమనించింది ఏమిటంటే, బయటికి వెళ్ళిన నా స్నేహితులెవరూ అక్కడికి వెళ్ళాక ఒక్క చుట్టరికాన్నీ కొత్తగా మొదలుపెట్టలేదు. ఇక్కడ ఉన్నప్పుడు నెలకోసారి మాట్లాడినవాళ్ళతో అక్కడి నుంచి మూణ్ణెల్లకోసారి మాట్లాడుతున్నారు. ఇక్కడే మాట్లాడనివాళ్ళతో అక్కడి నుంచి అసలు మాట్లాడరు.

బాబాయి రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. నాన్న చేతిలోని సంచి అందుకున్నారు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఇంట్లో బాబాయి మనవడు, ఏడేళ్ళవాడు, నన్ను "ఆంటీ" అన్నాడు. పిన్ని వంటింట్లోంచే "ఆంటీ కాదురా, అత్త అవుతుంది" అని దిద్దింది. వాడు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, కన్నడంలో ఎక్కం చెబుతూ బయటికి పరుగెత్తాడు. వాడి వయసులో నాకు క్యాంపు వాళ్ళ వరసలన్నీ తెలుసు. వాడికి తెలియకపోవడంలో నా వంతు ఉంది.

అక్కడ ఉన్న రెండు రోజుల్లో నేను ఎదురుచూడనిది ఒకటి చూశాను. క్యాంపుకి కిలోమీటరు దూరంలో పాత ఊరు ఉంది, కన్నడం వాళ్ళది. బాబాయి వాళ్ళ పొలంలో పనికి వచ్చేవాళ్ళు చాలామంది ఆ ఊరివాళ్ళే. అరవై ఏళ్ళు దాటాయి, ఆ ఊళ్ళో ఒక్క ఇంట్లో కూడా భోజనం చెయ్యలేదని పిన్ని మామూలుగా చెప్పింది. అయిదారు వందల కిలోమీటర్ల అవతల ఉన్న దివిసీమతో ఏటా రాకపోకలు సాగాయి, కిలోమీటరు దూరంలో ఉన్న ఊరితో సాగలేదు. పెళ్ళిళ్ళన్నీ మన జిల్లాల్లోనే, మన కులంలోనే. నేను చిన్న తాతయ్యని ఇంతగా మెచ్చుకుంటూ వచ్చాను, ఇప్పటికీ మెచ్చుకుంటాను. కానీ చుట్టాల్ని అంత గట్టిగా పట్టుకున్న చెయ్యి పక్కవాళ్ళ వైపు చాచలేదన్నది కూడా నిజం. బ్రిస్బేన్‌లోనూ తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. అక్కడ నేనూ మరో క్యాంపు కట్టుకుంటానేమో అన్న భయం ఆ రెండు రోజుల తర్వాతే పట్టుకుంది. దానికి విరుగుడు చుట్టాల్ని వదలడం కాదని మాత్రం అనుకుంటున్నాను. ఇంతకంటే నాకు తేలలేదు.

ఇంటిస్థలం మాట ఎవరూ ఎత్తలేదు. రెండో రోజు సాయంత్రం నాన్న, బాబాయి కాలవ గట్టు మీదికి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తిరుగు ప్రయాణంలో రాయచూరు దాటేదాకా నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒక్క మాట అన్నారు.

"వాడికి తొమ్మిదేళ్ళ నుంచి షుగర్ ఉందట. నాకు తెలియదు."

ఇప్పుడు చేస్తున్నది

బ్రిస్బేన్ మనకంటే నాలుగున్నర గంటలు ముందు. అక్కడ గడియారాలు జరపరు కాబట్టి ఏడాది పొడుగునా తేడా అంతే. పిన్ని రాత్రి ఎనిమిదింటికి పనంతా తెముల్చుకుని కూర్చునే వేళకి అక్కడ పన్నెండున్నర అవుతుంది. అంటే వారం మధ్యలో కుదరదు. ఆదివారం పొద్దున ఇక్కడ తొమ్మిదిన్నరకి చేస్తే అక్కడ మధ్యాహ్నం రెండు. వెళ్తామో లేదో ఇంకా తెలియకపోయినా ఇప్పటి నుంచే ఆ వేళకే చేస్తున్నాను, అలవాటు పడాలని. మొదటి మూడు నాలుగు వారాలు పిన్ని గొంతులో ఆ కంగారు ఉండేది. ఇప్పుడు ఎత్తగానే వర్షం పడిందా అని అడుగుతోంది.

అమ్మ పుస్తకంలో ఉన్న నంబర్లలో సగం పనిచెయ్యడం లేదు. ఒక్కొక్కటీ అడిగి సరిచేస్తున్నాను. ఏలూరు మేనత్తకి మా ప్రయాణం సంగతి ఇంకా చెప్పలేదు. ఫోన్లో చెబితే ఆవిడ ఊరుకోదు, వెళ్ళే చెప్పాలి. వచ్చే శనివారం బస్సుకి టికెట్ తీసుకున్నాను.

నిన్న సాయంత్రం నాన్న వాళ్ళింటికి వెళ్తే ఆయన వరండాలో ఫోన్లో ఉన్నారు. చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా అడుగుతున్నారు, మాత్ర అన్నం ముందు వేసుకోమన్నారా, తిన్నాకా అని. అవతల బాబాయి ఏదో చెప్పినట్టున్నారు. "అలా కాదురా, చీటీ తెచ్చుకుని చదువు, నేను లైన్లోనే ఉంటా" అన్నారు. నేను చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళాను.